మళ్లీ ఒళ్లు చేస్తే..!

బరువు తగ్గడం ఒక ఎత్తు. తగ్గిన బరువు తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెట్టడం ఇంకో ఎత్తు. మొదటిసారి చప్పట్లు కొట్టేవాళ్లు చాలామందే ఉంటారు. రెండోసారి..?

* * *

తగ్గినప్పుడు అందరూ అడుగుతారు. ఏం తిన్నావ్, ఏం మానేశావ్, ఎక్కడికెళ్లావ్... అని. లిఫ్టులో కనిపించిన పక్కింటావిడ దగ్గర్నుంచి కూరగాయల బండి దగ్గర బేరమాడే మనిషి దాకా అందరికీ ఆ రహస్యం కావాలి. అదే బరువు తిరిగొచ్చినప్పుడు ఒక్కరూ ఏమీ అడగరు. చూస్తారు. చూసి ఊరుకుంటారు. ఆ ఊరుకోవడమే ఎక్కువ గుచ్చుకుంటుంది.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఆమెకు ఈ రెండు అనుభవాలూ రెండేళ్ల తేడాలో ఎదురయ్యాయి. వయసు నలభై మూడు. ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ఇంట్లో భర్త, ఇంటర్ చదివే కూతురు, అత్తగారు. 2021లో ఆమె బరువు 84 కిలోలు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. లాక్‌డౌన్ రోజుల్లో ఇంటిల్లిపాదికీ రకరకాలు వండిపెడుతూ, మిగిలింది పారేయలేక తింటూ పెంచుకున్న బరువది. మెట్లెక్కితే ఆయాసం, మోకాళ్ల నొప్పులు. షుగర్ పరీక్షలో అంకె హద్దు దాటబోతోందని డాక్టరు హెచ్చరిక. దాంతో పట్టుబట్టింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి 67కు వచ్చింది. పదిహేడు కిలోలు!

ఎలా తగ్గిందంటే... అందరిలాగే. అన్నం మానేసింది. పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రికి గ్లాసుడు మజ్జిగ, దోసకాయ ముక్కలు. పన్నెండువందల క్యాలరీల చార్టొకటి ఫ్రిజ్ మీద అంటించుకుంది. బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున్నే గంటన్నర నడక. పండగలూ పబ్బాలూ, పెళ్లిళ్లూ పేరంటాలూ... ఎక్కడికెళ్లినా తాంబూలం పుచ్చుకుని రావడమే తప్ప విస్తరి ముందు కూర్చున్నది లేదు. ఆఫీసులో ముగ్గురు ఆ చార్టును ఫొటో తీసుకున్నారు. ఇద్దరు రెండో రోజే మానేశారనుకోండి, అది వేరే సంగతి.

'లోపల గుడ్డ లేదక్కా'

తగ్గిన సంబరంలో ఆమె చేసిన మొదటి పని, జాకెట్లన్నీ మూటగట్టి టైలరమ్మాయి దగ్గరికి తీసుకెళ్లడం. అటో అంగుళం, ఇటో అంగుళం లోపలికి కుట్టించింది. ఆ అమ్మాయి మామూలుగా లోపలి గుడ్డ అలాగే ఉంచి కుట్టు వేస్తుంది. 'ఇంకెందుకే అది, కత్తిరించెయ్. మళ్లీ ఆ సైజుకు వెళ్తానా ఏంటి' అంది ఈమె. పట్టుచీరల మీదివి ఆరు జాకెట్లకు లోపలి గుడ్డ కత్తిరించేశారు.

ఆ తర్వాత ఏడాది తిరక్కముందే తండ్రి తెనాలిలో ఇంట్లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, ఆసుపత్రి, ఆపైన ఇంట్లో మంచం మీద మూడు నెలలు. తమ్ముడు ఉండేది పుణెలో. పగలు ఆఫీసు, రాత్రి తండ్రి దగ్గర. క్యాంటీన్లో ఏది వేడిగా ఉంటే అది... పూరీ అయితే పూరీ, బజ్జీ అయితే బజ్జీ. నిద్ర ఆపుకోవడానికి అర్ధరాత్రి టీ, బిస్కెట్లు. నడక సంగతి సరేసరి. ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషికి పన్నెండువందల క్యాలరీల చార్టు గుర్తొస్తుందా? రాకూడదు కూడా. ఆ మూడు నెలల్లో ఆమె చేసిన పనికి ఎవరూ తప్పుపట్టడానికి లేదు. చిత్రమేమిటంటే, తండ్రి కోలుకుని కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక కూడా ఆమె తన నడక మొదలుపెట్టలేదు. 

ముందు నాలుగు కిలోలు వచ్చాయి. బరువు చూసుకునే మిషన్‌ను మంచం కిందకు తోసేసింది. చూసుకోకపోతే పెరగదన్నట్టు! ఆరయ్యాయి, ఎనిమిదయ్యాయి. 2024 వేసవికి 78. వచ్చింది పదకొండు కిలోలు. మేనకోడలి పెళ్లికి పట్టుచీర కట్టుకోబోతే జాకెట్టు హుక్కులు అందలేదు. టైలరమ్మాయి జాకెట్టు తిరగేసి చూసి, 'లోపల గుడ్డ లేదక్కా' అంది. అంతే. ఇంకొక్క మాట అనలేదు. పెళ్లికి వేరే చీర మీది వదులు జాకెట్టేదో వేసుకుని వెళ్లింది. అక్కడ పెద్దమ్మ వరసావిడ మాత్రం పదిమందిలో బుగ్గ పుణికి మరీ అన్నారు... 'ఏమ్మాయ్, మళ్లీ ఒళ్లు చేశావే!' 

మన భాషలో ఈ మాటొక విచిత్రం. లావెక్కడాన్ని 'ఒళ్లు చేయడం' అంటాం, అదేదో పనిగట్టుకుని సాధించినట్టు. ఒకప్పుడు అది మెచ్చుకోలే. కాపురానికెళ్లిన కూతురు కాస్త ఒళ్లు చేసి వస్తే, అక్కడ సుఖంగా ఉందని తల్లి కడుపు నిండేది. పెద్దమ్మ ఆ కాలం మనిషి కావచ్చు. వినేవాళ్ల కాలం మారింది.

ఒంటికి మతిమరుపు లేదు

తిరిగొచ్చిన బరువు గురించి మనకున్న అభిప్రాయం ఒక్కటే. నాలుక కట్టుకోలేదు, బద్ధకించింది, అందుకే వచ్చింది. ఆమె కూడా తన గురించి తాను అదే అనుకుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అది సగమే. మిగతా సగం ఒంటి లోపల జరుగుతుంది.

అమెరికాలో 'ద బిగ్గెస్ట్ లూజర్' అని బరువు తగ్గే పోటీల టీవీ షో ఒకటుండేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం మళ్లీ పరీక్షించింది. ఫలితాలు 2016లో వచ్చాయి. పోటీ ముగిసేనాటికి వాళ్లు సగటున 58 కిలోలు తగ్గారు. ఆరేళ్లలో అందులో 41 కిలోలు తిరిగొచ్చేశాయి. అంతకన్నా ఆశ్చర్యం... ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల శరీరాలు ఖర్చుచేసే శక్తి, ఆ బరువున్న మనిషికి ఉండాల్సిన దానికన్నా రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువగా ఉంది. ఆరేళ్లయినా! ఒక పూట భోజనమంత శక్తిని ఒళ్లు పొదుపుచేసి దాచుకుంటోందన్నమాట. వాళ్లు తగ్గిందీ మామూలుగా కాదు, విపరీతమైన వేగంతో. మామూలు మనుషుల్లో తేడా అంత ఉండదు కానీ దారి అదే.

ఆకలి సంగతీ అంతే. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు 50 మంది చేత పది వారాల పాటు కఠినమైన ఆహార నియమం పాటింపజేశారు. బరువు తగ్గింది. ఆకలి పుట్టించే హార్మోన్లు పెరిగాయి, కడుపు నిండిందని చెప్పేవి తగ్గాయి. ఏడాది తర్వాత చూసినా ఆ మార్పులు చాలావరకూ అలాగే ఉన్నాయి. అంటే తగ్గిన మనిషి, ఎప్పుడూ ఆ బరువే ఉన్న మనిషి... తూకంలో ఒకటే అయినా ఆకలిలో ఒకటి కాదు. పక్కన కూర్చున్న వదిన రెండు గరిటెల అన్నంతో లేచిపోతుంటే ఈమె మూడో గరిటె వైపు చూస్తుంది. దాన్ని కక్కుర్తి అనుకుంటే ఎలా?

దీనికితోడు మామూలు లెక్క ఒకటుంది. 84 కిలోల మనిషి స్టేడియం చుట్టూ పది రౌండ్లు నడిస్తే ఖర్చయ్యే శక్తికీ, 67 కిలోలయ్యాక అవే పది రౌండ్లకయ్యే ఖర్చుకూ దాదాపు అయిదోవంతు తేడా ఉంటుంది. మోసే బరువు తగ్గిందిగా మరి. తగ్గాక పాతలాగా తింటే పెరగడం ఖాయం. పాత నడకే నడుస్తున్నా అది వెనకటంత పనిచేయదు. ఈ ముక్క తగ్గించే చార్టుల్లో ఎవరూ రాయరు. చార్టు 67 దగ్గర అయిపోతుంది. అసలు పని అక్కడ మొదలవుతుంది.

ఇదంతా ఆమెకు అప్పుడు తెలియదు. తెలిసుంటే తనను తాను అన్ని మాటలు అనుకునేది కాదేమో.

సోమవారం నుంచి...

మళ్లీ మొదలుపెట్టాలని ఆమె ప్రయత్నించలేదా అంటే, లెక్కలేనన్నిసార్లు! ఉగాది నుంచి అనుకుంది. ఉగాదినాడే పాత చార్టు బయటికి తీసింది. మొదటిరోజే అన్నం బంద్, గంటన్నర నడక, పన్నెండువందల క్యాలరీలు. 67 కిలోల మనిషి ఎక్కడ ఆపిందో 78 కిలోల మనిషి సరిగ్గా అక్కణ్నుంచే అందుకోవాలని తాపత్రయం. మూడో రోజుకు మోకాలు పట్టేసింది. అయిదో రోజు ఆడపడుచు ఇంట్లో గృహప్రవేశం. బలవంతపెడితే ఒక్క బొబ్బట్టు తింది. 'ఎలాగూ తిన్నాంగా...' అనిపించింది. పులిహోర, గారెలు, రాత్రికి ఐస్‌క్రీం. శనివారం అంతే. ఆదివారం చెప్పనే అక్కర్లేదు. సరే, సోమవారం నుంచి చూద్దాం!

ఉగాదికీ ఆషాఢానికీ మధ్య అలాంటి సోమవారాలు ఆరు వచ్చి వెళ్లాయి.

'నిండా మునిగినవాడికి చలేంటి' అని సామెత. మనవాళ్లు ఏనాడో చెప్పిన ఈ మాటను పాశ్చాత్య మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి మరీ తేల్చారు. 1975లో పీటర్ హెర్మన్, డెబోరా మ్యాక్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు మహిళలకు మిల్క్‌షేక్ ఇచ్చారు. తర్వాత ఐస్‌క్రీం ముందు పెట్టి, రుచి చూసి చెప్పమన్నారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీం తక్కువే తిన్నారు. కడుపు నిండింది కాబట్టి. ఎప్పుడూ తిండి మీద అదుపు పెట్టుకునేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది కదా, ఇంక ఈ రోజుకు లెక్కేముంది అన్నట్టు. తర్వాత హెర్మన్, జానెట్ పొలివీ కలిసి దీనికి 'వాట్ ద హెల్ ఎఫెక్ట్' అని పేరు పెట్టారు. సామెతకు ఇంగ్లిష్ అనువాదంలా లేదూ!

ఒక బొబ్బట్టులో ఏముంది? మహా అయితే రెండు మూడువందల క్యాలరీలు. ఆ బొబ్బట్టు ఎవరినీ లావు చేయదు. దాని వెనకాల వచ్చిన మూడు రోజులే చేస్తాయి. నియమం ఎంత కఠినంగా ఉంటే అది అంత తొందరగా తప్పుతుంది. తప్పినప్పుడు మునక కూడా అంత లోతుగానే ఉంటుంది. 

ఇంట్లోవాళ్లు తలోమాట చెప్పేవారు. 'నువ్వెలా ఉన్నా బాగానే ఉంటావ్' అనేవాడు భర్త. మనసుకు హాయిగానే ఉండేది కానీ మోకాలికి దానివల్ల ప్రయోజనం ఏముంది? 'ఈ వయసులో కాస్త ఒళ్లు రావడం మామూలే అమ్మాయ్' అంటూ అత్తగారు పప్పులో నెయ్యి వేసేవారు. అందులో ప్రేమే ఉంది. 

కూతురు మాత్రం ఏమీ అనలేదు. ఆ జూన్‌లో అమ్మానాన్నల పెళ్లిరోజుకు ఫొటోలన్నీ కూర్చి పెద్ద ఫ్రేమ్ కట్టించాలని ఫోన్లు, కంప్యూటర్ అన్నీ వెతికింది. 2022 దాకా బోలెడు ఫొటోలున్నాయి. ఆ తర్వాత ఏడాదిన్నరలో అమ్మ ఉన్న ఫొటో ఒక్కటీ దొరకలేదు. తన పదోతరగతి వీడ్కోలు రోజు, అన్నవరం ప్రయాణం, తాతయ్య మళ్లీ నడిచిన రోజు... అన్నింట్లో అందరూ ఉన్నారు. 'ఇవన్నీ తీసింది నువ్వేనా అమ్మా?' అని అడిగింది. అవును మరి, ఫోన్ పట్టుకున్న మనిషి ఫొటోలో పడదు కదా. ఆ సంగతి తెలిసే ప్రతిసారీ తనే ముందు ఫోన్ అందుకునేది. కూతురు ఇంకేం అడగలేదు. ఫ్రేమ్ మధ్యలో 2022 నాటి ఫొటో పెట్టింది. అందులో అమ్మ సన్నగా ఉంది.

ఆ ఫ్రేమ్ హాల్లోకి వచ్చిన వారానికి ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లింది. 

డాక్టరు వేసిన లెక్క

వీధి చివర పాతికేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న పెద్దాయన. ఈమె పెళ్లయి వచ్చినప్పటి నుంచీ తెలుసు. బీపీ 146/92 ఉంది. మూణ్ణెల్ల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.0. ఇది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే మధుమేహం గుమ్మం దాకా వచ్చినట్టు. థైరాయిడ్ కూడా చేయించారు. నార్మల్ అని వచ్చింది. నిజం చెప్పొద్దూ... ఆమె కాస్త నిరాశపడింది. అదేదో ఉంటే, నెపం దాని మీదకు పోయేది! 

'మొత్తం ఎంత తగ్గావమ్మా అప్పట్లో?' అడిగారాయన.

'పదిహేడు సార్. పదకొండు మళ్లీ వచ్చేశాయి.'

'అంటే ఆరు రాలేదన్నమాట.'

ఈ ఏడాదిన్నరలో ఆమె ఒక్కసారి కూడా అలా లెక్కేసుకోలేదు. వచ్చిన పదకొండే కళ్లముందు ఉన్నాయి. రాని ఆరు ఎక్కడా కనపడలేదు. ఆయన ఓదార్చడానికి అనలేదు, కాగితం మీద రాసి చూపించారు. 84, 67, 78. తర్వాత 78 కింద 74 అని రాసి గీత గీశారు. 'నాలుగు కిలోలు. అంతే. అదీ ఇప్పుడే కాదు. ముందు రెండు నెలలు పెరక్కుండా చూడు చాలు' అన్నారు.

ఉన్న బరువులో అయిదు శాతం తగ్గితే చాలు, బీపీ, షుగర్ లాంటివి మెరుగుపడటం మొదలవుతుందని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నదే. 78లో అయిదు శాతం అంటే నాలుగు కిలోల లోపే. కానీ ఒకసారి పదిహేడు తగ్గిన మనిషికి నాలుగు అంటే నామోషీగా ఉంటుంది. మళ్లీ మొదలుపెట్టేవాళ్లందరికీ ఇక్కడే చిక్కు. వాళ్ల పోటీ వేరెవరితోనో కాదు, 2022 నాటి తమ ఫొటోతో! 

పెరక్కుండా ఆపడం అన్నది వినడానికి సులువుగా ఉంటుంది కానీ, పెరుగుతున్న బండికి బ్రేకు వేయడమంటే అదీ పనే. మంచం కింది మిషన్ బయటికి వచ్చింది. నడక గంటన్నర కాదు, ఇరవై నిమిషాలు. మోకాలు ఊరుకునేదాకా అంతే అన్నారు డాక్టరు. అన్నం మానలేదు. ఒక కప్పు కొలిచి పెట్టుకుని, ముందు కూర, పప్పు తిన్నాక చివర్లో అన్నం. మొదటిసారి తగ్గినప్పుడు పప్పులూ గుడ్లూ కూడా తగ్గించేసింది. అలా తగ్గిన బరువులో కొవ్వుతోపాటు కండా పోతుంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే వస్తుంది. అందుకని ఈసారి రోజూ ఒక గుడ్డు, రెండు పూటలా పప్పో శనగలో. టీవీ ముందు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం... పదేసి సార్లు. చూసి అత్తగారు మొదట్లో నవ్వారు. తర్వాత ఆవిడా అయిదుసార్లు లేచి కూర్చోవడం మొదలుపెట్టారు.

నూనె దగ్గర మాత్రం చిన్నపాటి యుద్ధమే జరిగింది. నెలకు అయిదు లీటరు ప్యాకెట్లు అయ్యేవి ఆ ఇంట్లో. నలుగురు మనుషులు. లెక్కేస్తే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్ల పైమాటే. ఆ మాటంటే పొద్దుటి వంట చేసే అత్తగారికి కోపం వచ్చింది. 'ముప్ఫై ఏళ్లుగా వండుతున్నా. నా తాలింపుకి కొలతలు పెడతావా?' అన్నారు. నిజమే, ఎవరికైనా బాధే. ఆమె వాదన మానేసింది. నెల మొదట్లో మూడున్నర లీటర్లు డబ్బాలో పోసి, 'ఈ నెలకు ఇదే అత్తయ్యా, ఎలా వాడతారో మీ ఇష్టం' అంది. మొదటి నెల ఇరవై ఆరో తేదీకి అయిపోయింది. నాలుగు రోజులు ఆవిరి కుడుములూ పులుసులూ నడిచాయి. రెండో నెల ముప్పయ్యో తేదీ దాకా వచ్చింది. అప్పడాలు వేయించడం మానేసి పెనం మీద కాల్చడం మొదలుపెట్టింది అత్తగారే. తేడా చూస్తే మనిషికి రోజుకు సుమారు వంద క్యాలరీలు. ఎవరి నోటి దగ్గరా ఏమీ లాక్కోలేదు.

రెండు కిలోల గంట

2006లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన రెనా వింగ్ బృందం ఒక అధ్యయనం వెలువరించింది. అది తగ్గడం గురించి కాదు, తగ్గింది తిరిగి రాకుండా చూసుకోవడం గురించి. ఒంటి బరువులో పదోవంతుకు తగ్గకుండా తగ్గించుకున్న 314 మందిని తీసుకున్నారు. వాళ్లలో కొందరికి రోజూ బరువు చూసుకోమని చెప్పి, ట్రాఫిక్ సిగ్నల్లాంటి పద్ధతి నేర్పారు. కిలోన్నర లోపు తేడా ఉంటే ఆకుపచ్చ, హాయిగా ఉండొచ్చు. అది దాటితే పసుపు, తిండీ నడకా కాస్త సరిచూసుకోవాలి. రెండుంపావు కిలోలు దాటిందా, ఎర్రలైటు. వెంటనే తగ్గే పని మొదలుపెట్టాలి. ఏడాదిన్నర తర్వాత చూస్తే, ఉత్తరాలు మాత్రమే అందుకున్నవాళ్లలో 72 శాతం మంది ఆ రెండుంపావు కిలోల గీత దాటి పెరిగారు. ముఖాముఖి కలుసుకుంటూ ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్లలో 46 శాతమే. వాళ్లలోనూ దాదాపు సగం మంది పెరిగారు, గమనించండి. ఇది మంత్రమేమీ కాదు. గంట ముందుగా మోగుతుందంతే. పదకొండు కిలోల దగ్గర మోగితే భయం వేస్తుంది, మళ్లీ మంచం కిందకు తోసేయబుద్ధవుతుంది. రెండు కిలోల దగ్గర మోగితే రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించడమో, సాయంత్రం ఒక చుట్టు నడవడమో... ఆపాటి దాంతో సరిపోతుంది.

ఆమె క్యాలెండర్లో రోజూ అంకె వేస్తుంది. మొదట్లో ఆ అంకెలు గుండె దడ పుట్టించేవి. ఆదివారం పెళ్లిభోజనం, సోమవారం కిలోన్నర ఎక్కువ! పాత రోజుల్లో అయితే 'ఇంక లాభం లేదు' అనిపించేది అక్కడే. కానీ కిలో కొవ్వు పేరుకోవాలంటే అవసరానికి మించి 7,700 క్యాలరీల దాకా తినాలి. కిలోన్నరకు పదకొండువేల పైచిలుకు. ఎంత పెళ్లి అయినా ఒక్క విస్తట్లో అంత పట్టదు! అది చాలావరకూ నీరే. ఉప్పు పట్టి ఉంచిన నీరు, పిండిపదార్థం ఒంట్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటూ తనతోపాటు పట్టుకున్న నీరు. మామూలు తిండికొస్తే మూడు నాలుగు రోజుల్లో పోతుంది. మరో వైపూ ఇదే లెక్క. ఏ డైట్‌లోనైనా మొదటి వారం రెండు కిలోలు దిగాయని సంబరపడితే, అందులోనూ ఎక్కువ భాగం నీళ్లే.

రోజూ బరువు చూసుకోవడం అందరికీ సరిపడదు. పొద్దుటి అంకె రోజంతా మనసు పాడుచేసేవాళ్లుంటారు. అలాంటివాళ్లు వారానికోసారి చూసుకున్నా చాలు, లేదా టేపుతో నడుం కొలుచుకోవచ్చు. మన దేశంలో ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్ల లోపు ఉండాలన్నది వైద్యులు చెప్పే హద్దు.

ఇంజెక్షన్ల సంగతీ అడిగిందామె. 2025లో మన దేశానికీ వచ్చాయిగా... మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ. ఆఫీసులో ఎవరో వాడుతున్నారట. అవి పనిచేసే మందులేనన్నారు డాక్టరు, అవసరమైనవాళ్లకు ఇస్తామన్నారు. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ మీద జరిగిన పరీక్షలో 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గింది. మందు ఆపేసిన ఏడాదికి, తగ్గిన దాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. మందు వాడినా ఒళ్లు పాత బరువును మరిచిపోదన్నమాట. నీకిప్పుడు అవసరం లేదులే అన్నారాయన. అప్పటికి ఆమె 72 కిలోలుంది. 

ఆ 72కి రావడానికి ఏడాది పట్టింది. మొదటిసారి ఎనిమిది నెలల్లో పదిహేడు తగ్గిన మనిషికి ఈసారి ఏడాదికి ఆరు. మధ్యలో సంక్రాంతికి అరిసెల మూలంగా ఒకసారి, కూతురు పరీక్షలప్పుడు ఇంకోసారి రెండు కిలోల గంట మోగింది. రెండుసార్లూ సోమవారం దాకా ఆగలేదు. ఒకసారయితే గురువారం మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో బజ్జీల ప్లేటు సగంలో పక్కకు జరిపి, సాయంత్రం మామూలుగా నడకకు వెళ్లిపోయింది. బీపీ 130/84కు దిగింది, షుగర్ సగటు 5.7. 67 మళ్లీ చూస్తుందో లేదో తెలియదు. ఈ మధ్య ఆ అంకె అంతగా గుర్తుకు రావడం లేదంటుంది.

స్టేడియంలో నడిచేవాళ్లలో ఒకమ్మాయి మొన్న పలకరించింది. పన్నెండు కిలోలు తగ్గిందట, ముఖం వెలిగిపోతోంది. జాకెట్లన్నీ చిన్నవి చేయించుకోవాలి, మంచి టైలరుంటే చెప్పండి పిన్నీ అని అడిగింది. ఈమె తన టైలరమ్మాయి నంబరిచ్చింది. నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచి చెప్పింది.

'లోపల గుడ్డ మాత్రం కత్తిరించొద్దని చెప్పమ్మాయ్.'